విశాఖ నుంచి భీమిలికి ఒక పూట ప్రయాణం



ప్రయాణం బండి ఎక్కినప్పుడు మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ముందురోజు రాత్రి, ఒక కాగితమూ పెన్సిలూ పెట్టుకుని ఇంట్లో కూచున్నప్పుడే మొదలవుతుంది. ఆ పని అంతా పెద్దవాళ్ళకే వదిలిపెట్ట నక్కరలేదు. మీరూ చెయ్యవచ్చు. విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి సముద్రపు ఒడ్డునే పోయే అందమైన రోడ్డు ఒకటి ఉన్నది. ఆ రోడ్డుమీద ఒక పూట మోటారు ప్రయాణం ఎలా సిద్ధం చేసుకోవాలో ఇప్పుడు చూద్దాం.

ముందు పటం తియ్యండి. విశాఖలోని రామకృష్ణా బీచి నుంచి భీమిలికి సుమారు 25 కిలోమీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల చొప్పున పోతే ఎంతసేపు పడుతుంది? లెక్క కట్టండి. ముప్ఫై ఏడున్నర నిమిషాలు! "అయితే గంటాపావులో పోయి వచ్చెయ్యవచ్చు," అంటారేమో. రావచ్చు. కాని చూడటం ఎప్పుడు? అందుచేత ఎక్కడెక్కడ ఆగాలో, ఒక్కొక్కచోట ఎంతసేపు ఉండాలో కూడా కాగితంమీద రాసుకోవాలి.

ఇక దిక్కులు చూడండి. దారి ఈశాన్యంగా పోతుంది. పోయేటప్పుడు కుడివైపున బంగాళాఖాతం, ఎడమవైపున కొండలు. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం ఎడమవైపుకు వస్తుంది. కనక కిటికీ దగ్గర సీటుకోసం అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకోవలసిన పని లేదు. కుడివైపు కూచున్నవారికి పోయేటప్పుడూ, ఎడమవైపు కూచున్నవారికి వచ్చేటప్పుడూ సముద్రం కనిపిస్తుంది!

దిక్కులవల్ల ఇంకొక సంగతి కూడా తెలుస్తుంది. సాయంకాలం తిరిగి వస్తే, చలికాలంలో దిగిపోయే సూర్యుడు బండి నడిపేవారి కళ్ళలోకే కొడతాడు. అందుకని పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నానికి తిరిగి రావటం మేలు. ఈ ప్రయాణానికి డిసెంబరు, జనవరి నెలలు హాయిగా ఉంటవి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్నే తాకి, విశాఖలో వేలకొద్దీ చెట్లను పడగొట్టింది. కనక బయలుదేరే ముందు వాతావరణ వార్తలు తప్పక వినాలి.

ఉదయం ఏడు గంటలకు బయలుదేరామనుకుందాం. ఏడున్నరకు తొట్లకొండ చేరతాం. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లు ఉండటంవల్ల దానికి ఆ పేరు వచ్చింది. సుమారు రెండువేల ఏళ్ళ క్రితం ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. కొండమీద నది లేదు, చెరువు లేదు. వానాకాలంలో కురిసిన నీటిని వారు ఆ తొట్లలో పట్టి ఏడాది పొడుగునా వాడుకున్నారు. అక్కడి స్తూపాలూ, భిక్షువుల గదుల పునాదులూ తవ్వకాలలో బయటపడినవి. పైనుంచి చూస్తే సముద్రం నీలపు పట్టు పరిచినట్టు ఉంటుంది. ఇక్కడ ఒక గంట ఉందాం.

ఎనిమిదీ ముప్పావుకు ఎర్రమట్టి దిబ్బలు. పేరుకు మట్టి గాని, ఇది చాలావరకు ఇసుకే. ఎర్రగా ఎందుకున్నది? ఇనుపమేకు వానకు తడిస్తే తుప్పు పడుతుంది కదా? ఈ ఇసుకలోని కొన్ని ఖనిజాలలో ఇనుము ఉన్నది. వేల ఏళ్ళుగా వానలో నాని, ఎండలో ఎండి, ఆ ఇనుము తుప్పులాంటి పదార్థంగా మారి రేణువులకు ఎర్రటి పూత పూసింది.

అంత ఇసుక ఎక్కడనుంచి వచ్చింది? సుమారు ఇరవైవేల ఏళ్ళ క్రితం భూమిమీద చాలా నీరు మంచుగా గడ్డకట్టి ఉండేది. అప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటె నూరు మీటర్లకు పైగా దిగువన ఉన్నది. బయటపడిన సముద్రపు అడుగునుంచి గాలి ఇసుకను ఎగరేసి తెచ్చి ఇక్కడ పోగువేసింది. తరవాత వాననీరు ఆ దిబ్బలను కోసి లోతైన వాగులు చేసింది. 2025లో ఈ దిబ్బలు యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినవి. కాని వీటి బలం చాలా తక్కువ. గట్లమీద ఎక్కి జారితే, పేర్లు చెక్కితే, ఒక్క రోజులో పోయినదాన్ని మనం మళ్ళీ చెయ్యలేం. వాగు అడుగున ఉన్న బాటలోనే నడవండి. సీసాలో ఇసుక పోసుకు తేవద్దు. పుస్తకంలో బొమ్మ గీసుకు తెండి.

పది గంటలకు భీమిలి. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. వారి పాత సమాధులు ఈనాటికీ ఉన్నవి. 1861లోనే ఈ ఊరికి పురపాలక సంఘం ఏర్పడింది. ఇక్కడే గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. ఆ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వస్తుంది. సున్నపురాతిని కరిగించి ఆ గుహలను మలచినది నీరే. నది మొగలో నిలబడి, ఈ నీరు ఎంత పని చేసి వచ్చిందో ఒకసారి తలుచుకోండి!

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఈ తీరంలో ఏటా ఎందరో మునిగి చనిపోతున్నారు. ఈత వచ్చినవారు కూడా వారిలో ఉంటారు. కారణం విను. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు వెనక్కు పోవాలి. అది ఒక్కొక్కచోట సన్నని పాయగా చేరి, వేగంగా లోపలికి లాగుతుంది. అక్కడ అలలు తక్కువగా ఉండి, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ నెమ్మదిని చూసే జనం అక్కడ దిగుతారు! ఆ పాయలో చిక్కినవాడు ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోతాడు. కంగారుపడకుండా నీటిమీద తేలుతూ, చెయ్యెత్తి కేక వెయ్యాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు వెనకాలే దూకకుండా, తాడో, తేలే వస్తువో విసిరి, కాపలావారిని పిలవాలి. కాని మన కాగితంమీద సముద్రస్నానం అనే మాట రాయనే వద్దు. అల వచ్చి పాదాలు తడిపితే చాలు. అదీ పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే.

పదకొండున్నరకు తిరుగు ప్రయాణం. రామకృష్ణా బీచి దగ్గర కురుసుర అనే జలాంతర్గామి ఒడ్డునే నిలిచి ఉన్నది. 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాల అయింది. అది తెరిచే వేళలు ముందుగానే కనుక్కోండి. కుదరకపోతే మరొక రోజుకు ఉంచండి. అన్నీ ఒకే పూట చూడాలని పరుగెత్తేవాడు ఏదీ చూడడు. బట్ట కుట్టేటప్పుడు దర్జీ అంచున కొంచెం గుడ్డ వదిలినట్టు, మన లెక్కలో కూడా ఒక అరగంట ఖాళీ వదలాలి.

చివరగా సామాను: మంచినీళ్ళు, పులిహోర పొట్లాలు, టోపీలు, గాయానికి కట్టే గుడ్డ, నోటుపుస్తకం, చెత్త తిరిగి తెచ్చేందుకు ఒక ఖాళీ సంచి. టైర్లలో గాలి, పెట్రోలు, అదనపు చక్రం సంగతి నాన్నగారిని అడిగి గుర్తు పెట్టుకోండి.

మీ ఊరు సముద్రానికి దూరమా? ఫరవాలేదు. దగ్గరలో ఉన్న ఏటినో, కొండనో, పాతకోటనో ఎంచుకోండి. దూరం, దిక్కు, వేళ, ఆగే చోట్లు, అపాయాలు... ఈ అయిదూ కాగితంమీద రాసి ఇంట్లోవాళ్ళకు చూపండి. అంత శ్రద్ధగా రాసినదాన్ని చూసి, "సరే, పోదాం పదండి!" అనక తప్పుతుందా?