చార్మినారు రూపాయి

నాణేలు పోగెయ్యడం డబ్బున్నవాళ్ళ యవ్వారం అనుకుంటారు చాలామంది. వేలంపాటల్లో లక్షల డాలర్లు పోసేవాళ్ళు ఉన్నమాట నిజమే కానీ, ఇంటి లోనూ, డేకేరు ఫీజూ పోగా మా హోంమినిస్టరు గారు నా పిచ్చికి సాంక్షన్ చేసింది నెలకి 40 డాలర్లు. అందులోనే సర్దుకోవాలి.

అన్నిటికంటే చవకైన పద్ధతి, బ్యాంకుకెళ్ళి 25 డాలర్లిచ్చి పెన్నీల పెట్టె తెచ్చుకోవడం. మొత్తం 2500 నాణేలు. ఆదివారం టీవీ ముందు కూర్చుని ఏరుకుంటే, 1958 దాకా వచ్చిన గోధుమ కంకుల పెన్నీలు నాలుగో ఐదో తగులుతాయి. మిగతావి మళ్ళీ బ్యాంకుకే. 1982లో పెన్నీ రాగి నుంచి జింకుకి మారింది. పాతది 3.11 గ్రాములు, కొత్తది 2.5. (వంటింటి త్రాసు దీనికి పనికిరాదు, రెండింటికీ మూడే చూపిస్తుంది.) 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో చలామణీ కోసం ఆఖరి పెన్నీ కొట్టేశారు కాబట్టి ఈ పెట్టెల భాగ్యం ఇంకెన్నాళ్ళో!

ఇలా ఏరుకున్నవాటిని పట్టుకుని నెలకోసారి లైబ్రరీ గదిలో నాలాంటివాళ్ళం కలుస్తాం. అక్కడ చేతులు మారేవి నాణేలే, డబ్బు కాదు. చిన్నప్పుడు గోళీలు మార్చుకున్నట్టే అన్నమాట. ఇద్దరూ ఒకే పుస్తకంలో ధర చూడాలి, తేడా వస్తే గోధుమ పెన్నీలతో సరిచేసుకోవాలి. 2025లో వెండి ఔన్సు 50 డాలర్లు దాటాక ఈ మార్పిడే మాకు గతి అయింది. 1964 దాకా వచ్చిన క్వార్టర్లో 90 శాతం వెండి. ఆ లెక్కన ఒక్కోదాంట్లో తొమ్మిది డాలర్ల వెండి ఉన్నట్టు. నా బడ్జెట్టుకి నెలకి నాలుగొస్తాయి, అంతే.

సరే, అసలు విషయానికొస్తాను. అక్కడికొచ్చే ఒక పెద్దాయన దగ్గర 'మిగతా ప్రపంచం' అని రాసిన సిగార్ పెట్టె ఒకటుంది. మొన్నామధ్య అందులో చెయ్యి పెడితే చార్మినారు తగిలింది! నిజాం గారి హాలీ రూపాయి. చార్మినారు గుమ్మంలో 'ఐన్' అనే అక్షరం ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది, 'మీమ్' ఉంటే వాళ్ళ నాన్న మహబూబ్ అలీఖాన్‌ది. ఇది ఐన్. హిజ్రీ 1337, అంటే మన లెక్కలో 1918-19. బరువు 11 గ్రాముల పైన, అందులో వెండి 82 శాతం. మరి ఆ చిల్లర పెట్టెలో ఎందుకుందంటే, మీనారుల పైన అంచు దగ్గర టంకం మచ్చ ఉంది. ఎవరో కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నారు. కలెక్టర్ల భాషలో అది 'డ్యామేజి', ధర సగానికి పైగా పడిపోతుంది. నాకు అందుబాటులోకి వచ్చింది కూడా అందుకే.

మా నాయనమ్మకి హాలీ రూపాయల పేరు ఒకటుండేదట. నాన్న ఇంజినీరింగ్ ఫీజు కోసం నల్గొండలో అమ్మేశారు. నేను చూసింది లేదు, విన్నదే.

పెద్దాయనకి నా వెండి క్వార్టర్లు అక్కర్లేదు. ఆయన అడిగింది మన అల్యూమినియం పైసలు. అమెరికా చిల్లరంతా గుండ్రమే కదా, పలకల పైసా, ఆరుపలకల మూడు పైసలు, పువ్వంచు పది పైసలు చూపిస్తే మనవలు సంబరపడతారట. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. కిందటిసారి వెళ్ళినప్పుడు అమ్మ డబ్బాలోంచి గుప్పెడు తెచ్చుకున్నాను. ఇవి మా ఊళ్ళో ఎవరూ పట్టించుకోనివి, మీకు నష్టం అని చెప్పి, రెండు వెండి క్వార్టర్లు కలిపి ముందు పెట్టాను. ఆయన ఒకటి వెనక్కి నెట్టి, "దీని బదులు ఇంకో సెట్టు పైసలు బాకీ" అన్నాడు. మహా గట్టి బేరగాడు!

ఇంటికొచ్చి ఫొటో నాన్నకి పంపాను. ఆయన చార్మినారు గురించి గానీ, సంవత్సరం గురించి గానీ అడగలేదు. "పైన మచ్చ దగ్గరగా తీసి పంపు నాన్నా" అన్నారు. పంపాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత, "మా అమ్మ పేరుకి కూడా కొక్కేలు ఇట్లానే అతికించారు, కంసాలి వీరయ్య పనితనం" అని మెసేజి. ఆ నాణెమే ఈ నాణెమని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లో ఇలాంటి పేర్లుండేవో, ఎన్ని కరిగిపోయాయో.

ఇప్పుడొచ్చిన చిక్కేంటంటే, ఆయనకది చేత్తో పట్టుకుని చూడాలనుంది. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. దీనికి నూరేళ్ళు దాటిపోయాయి. అంటే హైదరాబాదులో దిగితే అది ఇక తిరిగి రాదు. నా ఆల్బంలో దాని కోసం వదిలిన గడి ఖాళీ అయిపోతుంది. ఇంకోటి దొరుకుతుందిలే అనుకుందామంటే, టంకం మచ్చ లేనిది నా 40 డాలర్లకి రాదు, మచ్చ ఉన్నది మళ్ళీ ఎప్పుడు తగులుతుందో తెలీదు.

డిసెంబరుకి టికెట్లు కొన్నాం. అమ్మకి చెప్పి పైసల డబ్బా కిందకి దింపించాను, పెద్దాయన బాకీ ఉందిగా. తామరపువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసలు మాత్రం ముట్టుకోవద్దంది, అవి వరలక్ష్మీ వ్రతానివట. రూపాయి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాస్‌పోర్టుల సంచీలో వేశాను.