అమ్మ లెక్క

అమ్మ ప్లెయిన్స్‌బరో వచ్చిన మూడో వారం అడిగింది, "నువ్వసలు ఏం పని చేస్తావురా?" అని.

12 వోల్టుల్ని ప్రాసెసర్ కోసం 1 వోల్టుకి దించే కన్వర్టర్లు చేస్తానన్నాను. స్విచ్చిని సెకనుకి లక్షలసార్లు వేసి తీస్తాం. వేసి ఉంచేది దాదాపు పన్నెండో వంతు సేపే. వోల్టేజీ జారితే ఆ పల్సు వెడల్పు కాస్త పెంచుతాం. ఒక్క స్విచ్చయితే కరెంటు ఎగుడుదిగుడుగా వస్తుంది. అందుకని నాలుగు పెట్టి, ఒక్కోదాన్నీ పావు వంతు ఆలస్యంగా నడుపుతాం. ఒకటి తగ్గుతుంటే ఇంకోటి అందుకుంటుంది.

1930లో ఈ ఊరి వాకర్-గార్డన్ డెయిరీలో తిరిగే చక్రం మీద 50 ఆవుల్ని ఒకదాని వెనక ఒకటి ఎక్కించి పాలు పితికిన సంగతి పోలిక చెబుదామనుకున్నాను. ఈలోగా అమ్మే అంది:

"గేదెలు రెండూ ఒక్కసారే వట్టిపోకుండా చూసుకోవడమేగా?"

అంతే మరి! ఒకటి వట్టిపోయే వేళకి రెండోది ఈనేది. నా చదువంతా ఆ పాలమీదే.

"ఒక్క ఏడు లెక్క తప్పింది. నీ ఇంజనీరింగు రెండో ఏడు. రెండూ వట్టిపోయాయి."

"మరి ఫీజు?"

అమ్మ గాజులు వెనక్కి తోసుకుంది. అవి రోల్డుగోల్డువని అప్పుడు చూశాను.