రబ్బరు పట్టీ మార్చిన వైనము

మా బోర్డింగునందు ముందువైపు తలుపు గల వాషింగు మెషీను ఒకటి కలదు. రోగుల గదిలోని దుప్పట్లును, చిన్న తరగతుల బాలుర పక్కగుడ్డలును దానియందే ఉతుకబడును. గత వర్షకాలమున దాని తలుపు క్రిందినుండి నీరు కారనారంభించెను. మొదట చెంచాడు, పిదప చెంబెడు. ఒకనాడు బట్టలుతుకు ఆయమ్మ ఆ తడిలో కాలుజారి, గోడ పట్టుకొని నిలద్రొక్కుకొనెను. ఆమెకు అరువదియేండ్లు దాటినవి. “ఇంక చేతులతోనే ఉతికెదను లెండు, నాయనలారా” అని ఆమె యనినపుడు మాకు మిక్కిలి కష్టము తోచెను. ఆమె మోకాళ్ల నొప్పిని చూచియే గదా ఆ యంత్రమును కొనిరి!

బాగుచేయువాడొకడు వచ్చి, క్రొత్త యంత్రము కొనుటయే మేలనెను. మేమందులకు సమ్మతింపలేదు. మోటారు చక్కగా తిరుగుచుండెను. చిరిగినది తలుపు గ్యాస్కెట్టు మాత్రమే.

ఈ గ్యాస్కెట్టు కొలిమితిత్తివలె ముడుతలు గల రబ్బరు వలయము. బట్టలు తిరుగునపుడు లోని తొట్టి అదరుచుండును. తలుపు చట్రము కదలదు. ఆ రెంటి నడుమ వంగుచు సాగుచు నీటిని ఆపవలసినది ఇదియే. రబ్బరునకు గంధకము చేర్చి కాచినచో ఎండకు జిగురుగాక, చలికి పెళుసుగాక నిలుచునని అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడియరు 1839లో కనుగొనెను. అయినను పిన్నీసు మొనకు ఏ రబ్బరు నిలుచును? మా పట్టీ ముడుతలో రెండు పిన్నీసులును, ఒక నిక్కరు కొక్కెమును, రూపాయి బిళ్లయు దొరకినవి.

అదే మోడలు నంబరు గల పట్టీని పట్నమునుండి తెప్పించి, సైన్సు మాస్టరుగారి యెదుట పని మొదలిడితిమి. ముందుగా ప్లగ్గు తీసి, కొళాయి కట్టితిమి. తలుపువైపు తీగచుట్టు దాని స్ప్రింగువద్ద ఎత్తగానే వచ్చెను. తొట్టివైపు చుట్టును చేరుటకు ముందు రేకంతయు విప్పవలసివచ్చెను. మధ్యాహ్నమంతయు దానికే సరిపోయెను. క్రొత్త పట్టీకి పైన ఒక గుర్తును, అడుగున సన్నని రంధ్రములును గలవు. ఆ రంధ్రములు సరిగా అడుగునకు రానిచో ముడుతలో నీరు నిలిచి బూజుపట్టును. అంచునకు సబ్బునీరు రాచి, నలుగురము నాలుగువైపుల నొక్కి కూర్చితిమి.

సాయంకాల ప్రార్థన గంటకు ముందు బట్టలు లేకయే యంత్రమును నడిపితిమి. ఆయమ్మ తలుపు క్రింద పాత వార్తాపత్రిక పరచి, పీటపై కూర్చుండి, అది నిలుచువరకు కదలలేదు. కాగితము తడియలేదు. నాటినుండి జేబులు తిరగవేసి చూపనిదే ఆమె మా బట్టలు పుచ్చుకొనుట లేదు.