ఒక వాక్యం, రెండు ప్రతులు

మా కళాశాలలో ఏ ప్రకటన అయినా ఉర్దూలోను, తెలుగులోను వెలువడటం ఆచారం. కావున ప్రవేశ దరఖాస్తుకు వెబ్‌సైటు తయారుచేసే పనిని కళాశాల సంఘం వారు కంప్యూటరు విద్యార్థులమైన మాకు అప్పగించినప్పుడు, రెండు భాషల సంగతి మాకు కొత్తదిగా తోచలేదు.

మేము వాడిన లారవెల్‌లో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క అనువాద ఫైలు ఉంటుంది. ప్రతి వాక్యానికీ ఒక గుర్తింపు పేరు. విద్యార్థి కోరిన భాషలో సర్వరు ఆ వాక్యాన్ని పేజీలో కూర్చి పంపుతుంది. అయితే దరఖాస్తు నింపుతుండగా కనబడే హెచ్చరికలను చూపేది బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్ట్. సర్వరులోని పి.హెచ్.పి. ఫైలును అది చదవలేదు. తొందరలో మేము ఆ వాక్యాలనే జావాస్క్రిప్ట్‌లో మరొకసారి రాసిపెట్టాము.

ఆదాయ ధ్రువపత్రం అందరికీ అవసరం లేదనీ, ఫీజు రాయితీ కోరేవారికి మాత్రమేననీ సంఘం వారు సవరణ పంపారు. సర్వరు ఫైళ్లు రెండూ దిద్దాము. జావాస్క్రిప్ట్‌లో తెలుగు ప్రతిని దిద్ది, ఉర్దూ ప్రతిని మరిచాము. (మాలో ఉర్దూ చదవగలవారు ఆ రోజు రాలేదు, అది సాకు కానేరదు.) ఉర్దూలో దరఖాస్తు నింపుతున్న ఒక అమ్మాయి పాత హెచ్చరికను నమ్మి, తనకు అక్కరలేని పత్రం కోసం తండ్రితో రెండు రోజులు మీసేవ కేంద్రానికి తిరిగింది. ఆయన దినకూలీ. విషయం తెలిసిన తరువాత కూడా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనివుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ రెండవ ప్రతిని తొలగించాము. ఇప్పుడు సర్వరే తన అనువాద ఫైలును జేసన్ రూపంలోకి మార్చి పేజీతోపాటు పంపుతుంది; జావాస్క్రిప్ట్ గుర్తింపు పేరుతో వాక్యాన్ని అందుకుంటుంది. ఫైళ్లన్నీ పంపితే కార్యాలయం వారి పేజీల మాటలు కూడా ఎవరైనా చదువుకోవచ్చు గనుక, దరఖాస్తు హెచ్చరికలను వేరే ఫైలుగా విడదీశాము. వాక్యం నడుమ పేరు, తేదీ చేర్చే పని సర్వరులో లారవెల్ చూసుకునేది. బ్రౌజరులో దానిని మేమే రాసుకోవలసి వచ్చింది.

ఒక వింత కూడా చూశాము. పి.హెచ్.పి. జేసన్‌గా మార్చేటప్పుడు, వద్దని చెప్పనిదే, మన లిపిలోని ఒక్కొక్క యూనికోడ్ గుర్తును 6 ఆంగ్ల చిహ్నాలుగా రాస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు 3 బైట్లు, ఉర్దూ గుర్తుకు 2 బైట్లు చాలు. అనగా తెలుగు రెండింతలు, ఉర్దూ మూడింతలు బరువెక్కుతాయి!

గడువులోగా మరి రెండు వాక్యాలు మారాయి. ఒక్కచోటనే దిద్ది, ఉర్దూ మిత్రులను పక్కన కూర్చోబెట్టుకుని బ్రౌజరులో చదివించాము. ఆ అమ్మాయి ఇప్పుడు ఇక్కడే మొదటి సంవత్సరం చదువుతున్నది. ఈ సంచిక ఆమె చేతికి కూడా అందుతుంది.