పడమటి గోడ

డిసెంబర్ 28, 2024, శనివారం

అరక్కోణం దాటేసరికి లోకల్ పెట్టెలో తెలుగు మొదలైంది. పూలబుట్టావిడ ఫోన్లో ఎవర్నో కడిగేస్తోంది. మాటలు తమిళం, తిట్లు మాత్రం అచ్చ తెలుగు.

తిరుత్తణిలో దిగి పళ్ళిపట్టు బస్సు. పొదటూరుపేట దగ్గర మరమగ్గాల మోత. అక్కణ్ణించి పడమటి వైపంతా కొండలే. ఏది ఏ రాష్ట్రానిదో చూస్తే తెలీదు.

అత్త చిక్కిపోయింది. మావయ్య నులకమంచం గోడకి నిలబెట్టి ఉంది. దాని వైపు చూడకుండా చెప్పులు విప్పాను.

ఐదున్నరకే మిద్దె మీద చాప పరిచింది. "రా పాపా, కూడు తిందువు."

ఈ వేళప్పుడా? మా ఇంట్లో ఇది టీ తాగే టైము. ఆకలి లేదంటే నొచ్చుకుంటుందని కూర్చున్నా. సంగటి ముద్దలో సగం మిగిలిపోయింది. అత్త ఏమీ అనలేదు. కిందికి తీసుకెళ్ళి ఎనుముకి పెట్టింది.

తొమ్మిదింటికి కడుపు నకనకలాడింది. బ్యాగులో బిస్కెట్ ప్యాకెట్టు. కాగితం చప్పుడు కాకుండా తినడం ఈ వయసులో ఎంత కష్టం.

డిసెంబర్ 29, ఆదివారం

నన్ను రప్పించిన పని ఇవాళ ట్రంకుపెట్టెలోంచి బయటికొచ్చింది. దస్తావేజు. 1954 నాటిది. మావయ్య తండ్రి కొన్నది. "చిత్తూరు జిల్లా తిరుత్తణి తాలూకా" అని మొదలు. గొలుసుకట్టు రాత, సిరా గోధుమరంగుకి తిరిగింది.

"మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు వదినా." అత్త కొడుకు, నాకు మరిది, తలొంచుకుని అన్నాడు, అదేదో తన తప్పయినట్టు. అతని చదువంతా తమిళం. కొడుకుదీ అంతే, పదో క్లాసు. పొద్దస్తమానం తెలుగే మాట్లాడతాడు, బోర్డు మీద రాస్తే గుర్తుపట్టడు. వాడు ఫోన్ కెమెరా పెట్టి చూశాడు. గొలుసుకట్టు ఫోనుకీ కొరుకుడు పడలేదు.

గట్టిగా చదివాను. మూడు అంకణాల మిద్దె, దొడ్డి, బావిలో సగం హక్కు. చెక్కుబందీ దగ్గరికొచ్చేసరికి అందరూ ముందుకి వంగారు. తూర్పుకు వీధి. దక్షిణానికి ఫలానావారి గోడ. ఉత్తరానికి బావిదోవ. పడమర...

పడమర మాట సరిగ్గా కాగితం మడతలో పడింది. డెబ్బై ఏళ్ళుగా అక్కడే మడుస్తున్నారు. ట్యూబులైటు కింద ఏమీ కనబడలేదు.

తగువల్లా ఆ పడమరే. వెనకింటాయన మగ్గాల షెడ్డుకి పునాది తీశాడు, మీద ఇంకో అంతస్తు కూడానట. ఆ రెండు మూరల సందు మనదేనంటాడు మరిది. ఆర్నెల్లుగా మాటల్లేవు.

సాయంత్రం అత్తని అడిగా, తిరుత్తణి మద్రాసులో కలిసిన రోజు గుర్తుందా అని. 1960 ఏప్రిల్ ఒకటి. అప్పటికి తనకి ఎనిమిదేళ్ళు. "ఆ పొద్దు బడి ఉన్నింది. అయ్యవారు ఏమీ చెప్పలా." అంతే. సరిహద్దు గీత తేల్చిన పటాస్కర్ ఎవరో, సత్యవేడు ఆంధ్రా వైపెందుకు పోయిందో, మా నాన్న రోజుల తరబడి వాదించేవాడు. ఇక్కడున్న మనిషికి ఒక బడిరోజు.

డిసెంబర్ 30, సోమవారం, అమావాస్య

తిరువళ్ళూరు. సోమవారపు అమావాస్య కావడంతో వీరరాఘవస్వామి గుడి వీధులు కిక్కిరిసిపోయాయి. మరిది కారు ఎక్కడో దూరాన వదిలి నడిపించాడు. దారిలో కనకమ్మచత్రం. చత్రం కట్టించిన కనకమ్మ ఎవరో, ఇప్పుడు అక్కడ అన్ని బస్సులూ ఆగుతాయి.

మరిది తర్పణానికి కూర్చున్నాడు. అత్త హృత్తాపనాశిని మెట్లు దిగి, కొంగున కట్టుకొచ్చిన బెల్లం నీళ్ళలో వేసింది. కరిగిపోయేదాకా వంగి చూస్తూనే ఉంది. రోగం కరగాలని వేస్తారు. తనకి ఏం రోగమో చెప్పలేదు. నేనూ అడగలేదు.

శాలిహోత్రుడి కథ వినడం ఎన్నోసారో. ఏడాది ఉపవాసముండి ఇంత వండుకున్నాడు. ఎవరో ముసలాయన ఆకలంటూ వస్తే పెట్టాడు. చాలదంటే తన భాగమూ పెట్టాడు. తిన్నాయన, ఇక పడుకోడానికి చోటేదీ అన్నాడు. లోపల స్వామి ఇప్పటికీ పడుకునే ఉన్నాడు, చెయ్యి ఆ ముని తలమీద వేసి. ఈసారి నా ధ్యాసంతా ముని మీదే. మళ్ళీ ఏడాది పస్తు. ఇంట్లో వాళ్ళెవరైనా ఉండి ఉంటే ఏమనేవారో.

గుడి బాధ్యత అహోబిల మఠానిది. రాష్ట్రాల గీతకి అటువైపు మఠం, ఇటువైపు స్వామి.

తిరిగొచ్చేసరికి చీకటి. అమావాస్య రాత్రి అన్నం లేదుగా, ఫలహారమే. మిద్దె ఎక్కలేదు. ఏదో వెలితి. రెండు రోజులకేనా?

డిసెంబర్ 31, మంగళవారం

తిరుత్తణి మెట్లపండగ. 365 మెట్లు, మెట్టుమెట్టుకీ పసుపూ కుంకుమా కర్పూరం, మెట్టుకొక తిరుప్పుగళ్ పాట. తెల్లదొరల రోజుల్లో కొత్త సంవత్సరానికి జనం దొరల బంగళాలకి దండాలు పెట్టను పోతుంటే, ముందు ఇక్కడ పెట్టండని వళ్ళిమలై స్వామి మొదలెట్టాడట. పిల్లవాడు రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. నాకు మోకాళ్ళు. ప్రతి భజనమేళం దగ్గరా ఆగాను, భక్తి అనుకున్నారు.

చెప్పులు లేని పాదం కింద కర్పూరం మసి జిగటగా, వెచ్చగా. ఒకావిడ ఒక్కో మెట్టుకీ వంగి బొట్టు పెట్టి, ఒక్కోసారి నడుం పట్టుకుని నిలబడుతోంది. పక్కన కూతురు కాబోలు, గిన్నె పట్టుకుని ఫోన్ చూసుకుంటోంది.

పైన రద్దీ. దొన్నెలో పులిహోర తీసుకుని ఓ గోడ పక్కన నిలబడ్డాం. ఆరు కావస్తోంది. పొద్దు ఎర్రగా కొండల మీదికి జారింది. పిల్లవాడు నోటినిండా పులిహోరతో, "అత్తా, అదే మనూరు పక్క" అని చూపించాడు. అక్కడ ఇప్పుడు అత్త చాప పరిచి ఉంటుంది.

మిగతా సుబ్రహ్మణ్య క్షేత్రాల్లో శూరసంహారం చేస్తారు, ఇక్కడ చెయ్యరు. యుద్ధాలయ్యాక కోపం దిగి వచ్చి కూర్చున్న కొండ ఇది. మరిది హుండీ దగ్గర చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఏం మొక్కాడో.

ముత్తుస్వామి దీక్షితుల నోట్లో ముసలాయన పటికబెల్లం వేసింది ఇక్కడే. దాంతో మాయామాళవగౌళలో మొదటి కృతి. అంగట్లో పటికబెల్లం కొని పిల్లవాడికిస్తే, షుగరొస్తుంది అన్నాడు. పదిహేనేళ్ళ వెధవ.

జనవరి 1, 2025, బుధవారం

పితికిపప్పు. రాత్రే అనపగింజలు నానేసింది అత్త. పొద్దున్నించీ ఇద్దరం వాకిట్లో.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ పెట్టి కొన దగ్గర నొక్కాలి. పప్పు ఎగిరి గిన్నెలో పడాలి, తొక్క వేళ్ళలో మిగలాలి. నావి వాకిట్లో పడుతున్నాయి. అత్తవి చూడకుండానే గిన్నెలో. మంచు కురిసే ఈ నెల్లోనే ఈ కాయకి ఆ కమ్మదనం, చేతులకి సాయంత్రం దాకా అదే వాసన, సబ్బుకి పోదు. తొక్కలన్నీ ఎనుముకి.

సంగటి నేనే గెలికాను. నూక ఉడికాక రాగిపిండి మధ్యలో కుప్పపోసి, మూతపెట్టి, దించి, కట్టెతో. సగంలో భుజం పట్టేసింది. అత్త నవ్వకుండా కట్టె తీసుకుంది.

ఐదింటికే ఆకలి.

అబ్బాయి ఫోటోలు పంపాడు. అక్టోబర్లో వెళ్ళిన గ్రీసువి, ఇప్పుడు తీరిందట. సాంతొరినిలో ఈయా అనే ఊరు. కొండకొమ్మున సున్నం ఇళ్ళు, అంచున బల్లలు, సముద్రంలో పొద్దు. పొద్దు కనబడే బల్లకి ముందే చెప్పి ఉంచుకోవాలట, రేటూ ఎక్కువేనట. అత్తకి చూపించా. తెరని దూరంగా పెట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇంత చిన్న కంచంలో ఏం తింటారు?"

ఇవాళ గమనించాను. మిద్దె మీద అత్త పడమటికి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎదురుగా మెట్లు. మగ్గం దిగి మావయ్య ఆ మెట్లెక్కే వచ్చేవాడు. అందుకా? అడిగా.

"కంటాపరేషన్ అయినాక పొద్దు కంట్లో పొడుస్తాంది."

అందుకే అయ్యుండొచ్చు.

జనవరి 2, గురువారం

పదింటి ఎండలో దస్తావేజు మళ్ళీ విప్పా. వెనకనించి వెలుగు పడేలా ఎత్తి పట్టుకుంటే సిరా పోయినచోట పాళీ నొక్కిన గీత దొరికింది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను, చెప్పేముందు.

పడమరకు: "ఈ ఇంటి సొంత గోడ. గోడకు అవతల ఇతరుల బయలు."

గోడ దాకే మనది. సందు మనది కాదు.

మరిది మొహం చూడలేకపోయా. "ఇంకోసారి చదువు వదినా." చదివాను. వేరేగా చదవొచ్చు, నాకే తెలుసు ఆ రాత. ఇంట్లో ఇంకెవరూ పట్టుకోలేరు. ఆ ఆలోచన వచ్చిందని ఇక్కడ రాసుకుంటున్నా, అంతే.

అతను కాగితం తీసుకుని పాత మడతల్లోనే మడిచాడు.

మధ్యాహ్నమంతా మిద్దె మీద నిలబడి ఆ పునాది చూశా. స్తంభాలకి ఊచలు కట్టి ఉన్నాయి. రెండంతస్తులు లేస్తే ఇక్కణ్ణించి కొండ కనబడదు. ఈ అంచున పొద్దు నాలుగింటికే పోతుంది. నాకెందుకింత దిగులు? నేనుండేది హైదరాబాదులో, నాలుగో అంతస్తులో, ఎదుటి అపార్ట్‌మెంటు గోడ చూస్తూ.

జనవరి 3, శుక్రవారం

పొద్దు పడ్డాక కొండ పైన నెలవంక, పక్కనే శుక్రుడు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూళ్ళేదు. చెయ్యి కడుక్కోకుండా అలాగే చూస్తున్నా.

"అత్తా, ఒక్కసారి తిరిగి చూడు."

తిరిగింది. చూసింది. "ఊఁ." మళ్ళీ మెట్లవైపు తిరిగి మజ్జిగ పోసుకుంది.

ఇక ఉండబట్టలేక అనేశా. గోడ లేస్తే ఇదంతా పోతుంది కదా అత్తా, నీకేం అనిపించదా?

ముద్ద మింగేదాకా మాట్లాడలేదు. "కట్టుకోనీ పాపా. నేను తినేది కూడు, పొద్దు కాదు." ఆగి, "ఆయప్పా మీ మామా ఒగే మగ్గం గుంతలో పని నేర్చినోళ్ళు" అంది.

కరెంటు పోయింది. ఊరంతా మగ్గాలు ఒక్కసారిగా ఆగాయి. ఎక్కడో మార్గళి పాటల మైకు కూడా. అత్త తన కంచంలో మిగిలిన పితికిపప్పు నా కంచంలోకి ఒంపింది. వద్దనలేదు. ఇంకో ముద్ద పెట్టించుకున్నా.

జనవరి 4, శనివారం

మరిది పొద్దున్నే వెనకింటికి వెళ్ళాడు, దస్తావేజు చంకలో పెట్టుకుని. గంటకి వచ్చాడు. కాఫీ అక్కడే తాగాడట. సున్నం నీళ్ళు మన గోడమీద పడకుండా గోనెలు కడతామన్నారట. అంతకుమించి చెప్పలేదు.

పిల్లవాడు నోట్‌బుక్ తెచ్చాడు, అ ఆలు రాసిమ్మని. ఎన్నాళ్ళు నేరుస్తాడో. యాభై ఆరూ రాసిచ్చా. కింద గొలుసుకట్టులో వాళ్ళ తాత పేరు కూడా.

హైదరాబాదు రమ్మని అత్తని అడగలేదు. అడగాలనే వచ్చాను.

బస్సు నాలుగింటికి. మూడింటికే సంగటి పెట్టింది, మిద్దె మీదే, ఎండలో. మొత్తం తిన్నా.

తై నెల పుట్టగానే వెనకింటికి స్లాబు. వాళ్ళ బోరు ఎండిపోయింది. నీళ్ళు మా బోరునించే పట్టుకోమని అత్త కబురు చేసింది.