సాఫ్, పాక్, ఖాలీ

మన ఇళ్లల్లో శుభ్రానికి ఒక్క మాట సరిపోదు. వాన బురద అంటిన కుర్తా సాఫ్ కాదు, కానీ పాకే. దానితో నమాజ్ చదవొచ్చు. తెల్లగా మెరిసే కుర్తా మీద నజాసత్ పడి ఆరిపోతే, అది చూడ్డానికి సాఫే గానీ పాక్ కాదు. ఈ ఫరక్ మదర్సాకు పోకముందే అమ్మీలు నేర్పిస్తారు. సాఫ్ అరబీ నుంచి వచ్చింది, పాక్ ఫార్సీ మాట. ఒకటి కంటికి, ఇంకోటి ఇబాదత్‌కు.

ఇంగ్లిష్‌లో 'క్లియర్' అనే ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. మోరీ క్లియర్ చేస్తారు, బ్యాంకు బాకీ క్లియర్ చేస్తారు, బస్తీని కూడా క్లియర్ చేస్తారు. మన జబాన్‌లో ఈ మూడూ ఒకటి కావు. మోరీ సాఫ్ అవుతుంది. కర్జ్ బేబాక్ అవుతుంది, అంటే బాకీ ఏమీ మిగలదు. బస్తీలో మనుషులు మాత్రం బేదఖల్ అవుతారు. 'బే' అంటే లేకుండా, 'దఖల్' అంటే స్వాధీనం. ఆ మాట అనగానే ఎవరి చేతిలోంచి ఏది పోయిందో తెలిసిపోతుంది.

తొలగించే మాటలను తెలుగు కూడా మన దగ్గర్నుంచే తీసుకుంది. మంత్రిని బర్తరఫ్ చేయాలని పేపర్లో రాస్తాం. బర్ తరఫ్ అంటే పక్కకు జరపడం. జీవో రద్దు, రుణమాఫీ కూడా అట్లా వచ్చినవే. మాఫీకి మూలం అరబీలోని అఫ్వ్, అంటే చెరిపేయడం. రంజాన్ ఆఖరి పది రాత్రుల్లో అల్లాహ్‌ను మనం అడిగేది ఈ అఫ్వే. అంటే చెరిపేయడం రహమత్ కూడా కావొచ్చు. చెరిపేది గునాహ్‌నా, కర్జ్‌నా, మనిషి చిరునామానా అన్నదే సవాల్.

ఈ శహర్‌కు ఈ సవాల్ కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ తుగ్యానీ ఊరిని ముంచేసింది. తర్వాత 1912లో నిజాం సర్కార్ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఉర్దూలో దాని పేరు ఆరాయిష్-ఎ-బల్దా. ఆరాయిష్ అంటే సింగారం, బల్దా అంటే నగరం. పత్తర్‌గట్టీ రాతి కమాన్ల దుకాణాలు దాని పనే. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేసింది, కొత్త మకాన్లూ కట్టించింది. పేరు మాత్రం సింగారమే. ఇల్లు వదిలినవాళ్ల ఊసు ఆ పేరులో లేదు.

2024లో మళ్లీ మూసీ. సెప్టెంబరు ఆఖర్లో చాదర్‌ఘాట్ వైపు మూసా నగర్, శంకర్ నగర్ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. నది గర్భంలో ఉన్న ఇల్లని దాని మతలబ్. కొన్ని కుటుంబాలను మలక్‌పేటలోని డబుల్ బెడ్రూం ఇళ్లకు పంపారు. అప్పుడు వినబడిన ఇంగ్లిష్ మాటలు రిజువనేషన్, బ్యూటిఫికేషన్. మళ్లీ ఆరాయిషే అన్నమాట.

మూసీ సాఫ్ కావాలి, ఇందులో బహస్ లేదు. దాని బద్బూ ఒడ్డు మీది పిల్లలకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? కానీ నీళ్లలో కలిసే మురుగు వేరు, ఒడ్డున ఉండే మనిషి వేరు. ఇద్దరికీ ఒకే మాట వాడితే, కొన్నాళ్లకు మనిషి కూడా కచ్రాలాగే కనబడతాడు. 1990లలో బోస్నియాలో ముస్లింలను ఊళ్లలోంచి తరిమి, చంపితే, దానికి దునియా వాడిన మాట కూడా 'క్లెన్సింగే'. మన బస్తీ దాంతో బరాబర్ అనడం లేదు. కడిగే మాటను మనుషుల మీద వాడితే ఎంతదాకా పోగలదో చెప్తున్నా, అంతే.

అందుకే మన ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఒక అర్జీ. నోటీసు వస్తే దాదీమాకు చదివి చెప్పేది మీరే. "ఇల్లు క్లియర్ చేస్తారంట" అని ఊరుకోకండి. "బేదఖల్ చేస్తామంటున్నారు" అని చెప్పండి. అప్పుడు దాదీమా కాగజాత్ ఎక్కడున్నాయో వెతుకుతుంది, ముఆవజా ఎంతని అడుగుతుంది, ఎక్కడికి పోవాలని నిలదీస్తుంది. 2013 భూసేకరణ చట్టం పేరులోనే న్యాయమైన పరిహారం, పునరావాసం ఉన్నాయి. ఆ మాటలు అడగాలంటే ముందు మనకు జరుగుతున్నదానికి సహీ పేరు పెట్టాలి.