నెలలు వెనక్కి చెప్పండి చూద్దాం



పోయిన ఆదివారం తిరువళ్లూరు వాళ్లకూ మన తిరుత్తణి వాళ్లకూ క్రికెట్ జరిగింది కదా. క్యాచ్ కోసం పరిగెత్తి, నలభై దాటిన మన సభ్యుడొకాయన వెల్లకిలా పడ్డాడు. తల నేలకు కొట్టుకుంది. లేచి "ఏమీ లేదు" అన్నాడు. డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పమన్నాం. సెప్టెంబరు దగ్గర ఆగిపోయాడు. మాకు గుండె జారింది. వాళ్లావిడ మాత్రం "ఆయనకు మామూలుగానే రాదన్నా" అంది!

మరి ఏది దెబ్బ వల్ల, ఏది ముందునుంచీ ఉన్నది? బేస్‌లైన్ పరీక్ష అందుకే. దెబ్బ తగలకముందే పది పదాలు వినిపించి తిరిగి చెప్పిస్తారు, అంకెలు వెనక నుంచి చెప్పిస్తారు, కళ్లు మూయించి ఒంటికాలిపై ఇరవై సెకన్లు నిలబెడతారు, అంతా రాసిపెడతారు.

మనకు ఇంకో చిక్కుంది. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు మనది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తమిళంలో లెక్కపెట్టేవాణ్ని తెలుగులో అంకెలు తిరగేయమంటే తల బాగున్నా తడబడతాడు. ఏ భాషలో అడిగారో కూడా రాయించాలి, దెబ్బ తగిలాక అదే భాషలో అడగాలి.

కాగితం ఉంది కదా అని మళ్లీ బ్యాటు పట్టకూడదు. అనుమానం ఉంటే ఆ రోజుకు ఆట లేదు. 2020లో కాన్‌బెర్రాలో జడేజానే కూర్చోబెట్టి చహల్‌ను దింపారు. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే.

మనవాణ్ని ఆ సాయంత్రమే డాక్టరుకు చూపించాం, ఇంకా విశ్రాంతిలో ఉన్నాడు. వచ్చే ఆదివారం ఆటకు గంట ముందే రండి, డాక్టరుగారు వస్తున్నారు.